మిగిలినవారి లెక్క: 1918 ఇన్‌ఫ్లూయెంజా, యువతరం మనసు

మామూలు ఇన్‌ఫ్లూయెంజా పసిపిల్లలనూ వృద్ధులనూ ఎక్కువగా బలి తీసుకుంటుంది. వయసుల వారీగా మరణాలను గీతగా గీస్తే అది రెండు కొసల్లో పైకి లేచి, నడుమ పల్లమై, ఆంగ్ల అక్షరం ‘యు’లా కనబడుతుంది. 1918లో ఆ పల్లంలో ఒక కొండ లేచింది. ఇరవై నుంచి నలభై ఏళ్ళ వయసువాళ్ళ మరణాలు మునుపెన్నడూ లేనంతగా పెరిగి, ఆ గీత ‘డబ్ల్యూ’గా మారింది. అమెరికాలో ఆ జ్వరానికి చనిపోయిన 6,75,000 మందిలో దాదాపు సగం మంది ఆ వయసువాళ్ళే. ప్రపంచం మొత్తం మీద 5 కోట్ల మంది పోయారన్నది ఇప్పుడు చరిత్రకారులు ఎక్కువగా వాడే అంచనా.

ఆ గీతను చూసిన ప్రతి పాఠకుడూ అది చెప్పే మొదటి విషయం గ్రహిస్తాడు: యువకులు చనిపోయారు. రెండో విషయం వెంటనే స్ఫురించదు. చనిపోయిన యువకుల పక్కన మంచాల మీద జ్వరంతో పడి ఉండి లేచినవాళ్ళు, వాళ్ళకు గంజి కాచి పోసినవాళ్ళు, శవాలు మోసినవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళు లేని ఇళ్ళలో యాభై ఏళ్ళు బతికినవాళ్ళు కూడా ఎక్కువ మంది యువకులే. మరణాల లెక్క మీద వందేళ్ళుగా పరిశోధన సాగుతోంది, అంచనాలు పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. మిగిలినవారి మనసులకు ఏమైందన్న ప్రశ్నను మాత్రం చాలా కాలం ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగిన కొద్దిమందికీ దొరికిన సాక్ష్యం చాలా విచిత్రమైన చోట్ల దొరికింది: పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో, కొందరు రచయితల పుస్తకాల్లో. ఈ రెండింటికీ నడుమ ఉన్న కోట్ల మంది గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు.

భారతదేశంలోకి ఆ జ్వరం 1918 జూన్‌లో బొంబాయి రేవు గుండా వచ్చింది. మొదటి విడత తేలికగానే పోయింది. సెప్టెంబరులో మొదలైన రెండో విడత ప్రాణాంతకమైంది; అక్టోబరు 6న ఒక్క బొంబాయి నగరంలోనే 768 మరణాలు నమోదయ్యాయి. అదే ఏడు నైరుతి రుతుపవనాలు ముఖం చాటేశాయి. ధాన్యం ధరలు ఆకాశానికంటాయి. ఆకలీ జ్వరమూ కలిసి వచ్చిన ఆ శరత్తులో ఎంతమంది పోయారన్నదానికి అప్పటి ప్రభుత్వ వైద్యాధికారుల తొలి అంచనా 60 లక్షలు. 1951లో జనాభా శాస్త్రవేత్త కింగ్స్‌లీ డేవిస్ దాన్ని 1 కోటి 85 లక్షలుగా లెక్కగట్టాడు. తర్వాతి పరిశోధకులు అందులో కొంత తగ్గించారు. ఏ లెక్క తీసుకున్నా ప్రపంచంలో మరే దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. 1911 నుంచి 1921 వరకు గడిచిన దశాబ్దం, భారత జనగణన చరిత్రలో జనాభా తగ్గిన ఏకైక దశాబ్దం.

తెలుగు నేలలో ఈ దెబ్బ అంతటా ఒకేలా పడలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో మరణాలు బొంబాయి ప్రెసిడెన్సీలో కంటే, మధ్య పరగణాలలో కంటే తక్కువ; ఆ దశాబ్దంలో అక్కడి జనాభా స్వల్పంగా పెరిగింది కూడా. నైజాం రాజ్యం కథ వేరు. 1911లో 1 కోటి 33 లక్షలు దాటి ఉన్న ఆ రాజ్య జనాభా 1921 నాటికి 1 కోటి 24 లక్షల చిల్లరకు పడిపోయింది. ఈ తరుగులో ప్లేగుకూ కరువుకూ వాటా ఉంది, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా ఈ అంకెలో కలిసే ఉన్నాయి. అయినా ఒక తరం తెలంగాణ కుటుంబాల జ్ఞాపకంలో ఖాళీలు ఎందుకున్నాయో తెలుసుకోవాలంటే ఈ రెండు అంకెల మధ్య తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

1921 జనగణన నివేదికలు గమనించిన మరో సంగతి: ఈ దేశంలో పురుషుల కంటే స్త్రీలు ఎక్కువగా పోయారు. ముఖ్యంగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్యవాళ్ళు. ఇంట్లో అందరికీ జ్వరం వస్తే అందరికీ సేవ చేయవలసింది ఆమె, ఆఖరున తినేది ఆమె, తనకు జ్వరమొచ్చినా పొయ్యి దగ్గరికి వెళ్ళవలసింది ఆమె. నివేదిక దీన్ని పొడిపొడి మాటల్లో చెప్పి తర్వాతి పట్టికలోకి వెళ్ళిపోతుంది. ఆ పట్టిక దాటిన చోట పాలుమరవని పిల్లలతో మిగిలిన ఇరవై రెండేళ్ళ తండ్రి ఉంటాడు. అతని గురించి రాయడం జనగణనాధికారి పని కాదు. మరి ఎవరి పని?

ఒకచోట మాత్రం ఒక యువకుడు ఆ పని తనదే అనుకున్నాడు. అమెరికాలో రెండో విడత ఇన్‌ఫ్లూయెంజా మొదట పడగ విప్పిన నగరాల్లో బోస్టన్ ఒకటి. 1918 ఆగస్టు చివరన అక్కడి రేవులోని నావికులకు జ్వరం సోకింది, సెప్టెంబరులో దగ్గరే ఉన్న డెవెన్స్ సైనిక శిబిరాన్ని ముంచెత్తింది. ఆ రోజుల్లో బోస్టన్ సైకోపథిక్ హాస్పిటల్‌లో, అప్పటి ప్రముఖ మనోవైద్యుడు ఎల్మర్ ఎర్నెస్ట్ సదర్డ్ దగ్గర, ఇరవై అయిదేళ్ళ కార్ల్ మెనింజర్ పనిచేస్తున్నాడు. హార్వర్డ్‌లో వైద్యం చదివి బయటికొచ్చి ఏడాది దాటింది. జ్వరం తగ్గిన తర్వాత మతి చలించిందని బంధువులు తీసుకొస్తున్న రోగులు ఒకరి వెంట ఒకరు రావడం అతను గమనించాడు. అలాంటి వంద కేసుల వివరాలు పోగుచేసి, 1919 జనవరిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించాడు.

ఆ వందమందిలో కొందరిది జ్వరతీవ్రతలో వచ్చిన సన్నిపాతం. వైద్యులు తరతరాలుగా ఎరిగినదే అది. జ్వరం దిగితే పోతుంది. అందరికంటే పెద్ద గుంపు మాత్రం వేరు. సుమారు మూడోవంతు మందికి ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అని నిర్ధారణ జరిగింది. ఈనాడు స్కిజోఫ్రీనియా అంటున్న జబ్బుకు జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ స్థిరపరచిన పేరు అది. ప్రీకాక్స్ అంటే అకాలంలో వచ్చినది అని అర్థం. ముసలితనంలో రావలసిన మతిక్షయం యౌవనంలోనే వచ్చిందని. ఆ పేరులోనే ఒక తీర్పు ఉంది. ఇది పడుచువాళ్ళ జబ్బు, ఒకసారి వస్తే దిగజారడమే తప్ప తిరిగి కోలుకోవడం ఉండదు అన్నది ఆనాటి సాధారణాభిప్రాయం. ఆ మాట ఒకసారి కేసు కాగితం మీద పడితే, రోగిని శాశ్వతంగా ఆశ్రమానికి పంపడానికి కుటుంబాలు సిద్ధపడేవి.

ఇక్కడ మెనింజర్ చేసిన రెండో పని మొదటిదానికంటే గొప్పది. 1919లో అతను కాన్సస్ రాష్ట్రంలోని సొంత ఊరు టొపీకాకు తిరిగి వెళ్ళి, తండ్రితో కలిసి వైద్యశాల నెలకొల్పాడు. అయినా ఆ రోగులను మరిచిపోలేదు. ఏళ్ళ తర్వాత వాళ్ళ జాడ తీసి, ఇప్పుడెలా ఉన్నారని విచారించాడు. 1926లో వెలువడిన ఆ ఫలితం వైద్యలోకపు నమ్మకాన్ని తలకిందులు చేసేది: ‘నయం కాని’ ఆ జబ్బుతో ముద్ర పడినవారిలో, ఆచూకీ దొరికినవారిలో, సుమారు మూడింట రెండు వంతుల మంది పూర్తిగా కోలుకున్నారు. కొందరు ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు సంసారాల్లో ఉన్నారు. అంటే జబ్బు గురించిన తీర్పు తప్పయినా అయి ఉండాలి, లేదా ఇన్‌ఫ్లూయెంజా తెచ్చిన మతిభ్రంశం వేరే జాతిదైనా అయి ఉండాలి. మెనింజర్ మొదటిదానివైపే మొగ్గాడు. మానసిక రోగాలన్నీ తిరిగి మానగలవేనన్న అతని జీవితకాలపు పట్టుదలకు ఈ విచారణ ఒక పునాది. వైరస్‌లకూ స్కిజోఫ్రీనియాకూ సంబంధం వెతికే ఈనాటి పరిశోధకులు ఇప్పటికీ ఆ రెండు వ్యాసాలనే మొదట తలుచుకుంటారు.

మెనింజర్ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పుకోవాలి. అతను చూసింది ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వచ్చినవారిని. అతను వెతికింది వ్యాధి మెదడును ఎలా కలచివేసిందని. తమ్ముణ్ణి పోగొట్టుకుని, మతి స్థిమితంగానే ఉండి, రోజూ పనికి వెళ్తూ, ఏ రాత్రీ నిద్రపోని మనిషి అతని వందలో లేడు. ఆ మనిషిని రోగి అనడానికి అప్పటికి ఏ పేరూ లేదు. యుద్ధం నుంచి వచ్చిన సైనికుడి వణుకుకు ‘షెల్ షాక్’ అని పేరు పెట్టడానికే వైద్యులకు ఫిరంగులు కావలసి వచ్చాయి.

గుమ్మం దాటినవారి లెక్కలు మరికొన్ని ఉన్నాయి. నార్వే యుద్ధంలో తటస్థంగా ఉన్న దేశం గనుక, యుద్ధపు దెబ్బ ఏదో జ్వరపు దెబ్బ ఏదో విడదీసి చూడటానికి అక్కడ కొంత వీలుంది. ఆ దేశపు మానసిక చికిత్సాలయాల రికార్డులను పరిశీలించిన స్వెన్ ఎరిక్ మామెలుండ్, ఇన్‌ఫ్లూయెంజా కారణమని రాసి మొదటిసారి చేర్చుకున్న రోగుల సంఖ్య మహమ్మారి తర్వాతి ఆరేళ్ళలో ఏటా సగటున ఏడు రెట్లకు పైగా పెరిగిందని చూపించాడు. అమెరికాలో 1910 నుంచి 1920 వరకు జరిగిన ఆత్మహత్యలను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త ఐరా వాసర్‌మన్, యుద్ధం వాటిని పెంచలేదనీ, ఇన్‌ఫ్లూయెంజా పెంచిందనీ 1992లో తేల్చాడు. వియన్నాలో 1917లో ఫాన్ ఎకోనొమో వర్ణించిన నిద్రజబ్బు, మనుషులను దశాబ్దాలపాటు విగ్రహాల్లా కూర్చోబెట్టినది, అదే కాలంలో ప్రపంచమంతా తిరిగింది. న్యూయార్క్‌లో ఆలివర్ శాక్స్ 1969లో ఎల్-డోపా ఇచ్చి కొంతకాలం మేల్కొలిపింది ఆనాడు పడుచు వయసులోనో చిన్నతనంలోనో ఆ జబ్బు బారిన పడి ముసలివాళ్ళయినవారినే. ఆ జబ్బుకూ ఇన్‌ఫ్లూయెంజాకూ సంబంధం ఉందని ఒకప్పుడు అందరూ నమ్మారు. రుజువు మాత్రం దొరకలేదు. దాన్ని ఈ ఖాతాలో వేయకపోవడమే న్యాయం.

గుమ్మం దాటినవారందరూ రోగులనుకోవడం కూడా పొరపాటే. దక్షిణాఫ్రికాలో 1918 అక్టోబరును ‘నల్ల అక్టోబరు’ అన్నారు. సుమారు 3 లక్షల మంది చనిపోయారు. తూర్పు కేప్ ప్రాంతంలో నొంటెథా ఎంక్వెంక్వే అనే ఖోసా స్త్రీ జ్వరం నుంచి లేచాక తనకు కలలు వచ్చాయంది. ఆ మృత్యువు రాబోయే తీర్పుకు హెచ్చరిక అనీ, తాగుడు మానాలనీ, జాతులన్నీ ఒక్కటి కావాలనీ బోధించింది. జనం ఆమె చుట్టూ చేరారు. 1921 మే నెలలో బుల్‌హుక్ దగ్గర మరో మతశాఖవాళ్ళను పోలీసులు కాల్చి చంపిన ఉదంతం ఇంకా చల్లారలేదు. 1922లో ప్రభుత్వం ఆమె మీద రాజద్రోహపు విచారణ చేయలేదు, పిచ్చాసుపత్రికి పంపింది. ఆమెను విడిపించమని అనుచరులు 1927లో వందల మైళ్ళు నడిచి ప్రిటోరియా చేరారు. విడుదల కాలేదు. 1935లో ఆమె అక్కడే చనిపోయింది, పేరులేని సమాధిలో పూడ్చారు. చరిత్రకారులు ఆ చోటు కనిపెట్టాక 1998లో గానీ ఆమె అస్థికలు సొంత ఊరికి చేరలేదు. ఆమె పడుచుది కాదు, నలభై దాటిన వితంతువు. అయినా ఈ కథలో ఆమెకు చోటు కావాలి. ఊరంతటి దుఃఖానికి ఒక స్త్రీ మాటలు వెతికితే, వలస పాలకుల రిజిస్టరులో అది రోగంగా నమోదయింది. ఆ రిజిస్టర్లు చదివేటప్పుడు ఈ ఎరుక లేకుండా చదవకూడదు.

భారతదేశంలో ఆ గుమ్మం మరీ ఇరుకు. 1912 నాటి లూనసీ చట్టం కింద నడిచిన ఆశ్రమాల్లో దేశం మొత్తం మీద ఉన్నది కొన్ని వేల మంది మాత్రమే. మద్రాసు ప్రెసిడెన్సీకంతటికీ మూడు: మద్రాసులో, కాలికట్‌లో, విశాఖపట్నంలో. గంజాం నుంచి నెల్లూరు దాకా ఉన్న తెలుగు జిల్లాల్లో ఆ ఒక్క విశాఖ ఆసుపత్రే ఉంది. అక్కడికి చేరేది ఎక్కువగా పోలీసులు పట్టుకొచ్చినవారూ, మేజిస్ట్రేటు పంపినవారూ. ఇన్‌ఫ్లూయెంజా తర్వాత అన్నం మానేసిన కోడలినీ, మాట పడిపోయిన కొడుకునూ ఎవరూ అక్కడికి తీసుకుపోరు. దిగులన్నారు, గాలి సోకిందన్నారు, భూతవైద్యుడి దగ్గరికో గుడికో తీసుకెళ్ళారు, కొన్నాళ్ళకు మళ్ళీ పెళ్ళి చేశారు. మగవాడికి. ఆడదానికైతే తెల్లచీర. దానితో ఆ కథ ముగిసిందనే అందరి లెక్క.

ఒక్కొక్కసారి ఆ ముగియని కథ రచయిత చేతిలో పడింది. హిందీ కవి సూర్యకాంత్ త్రిపాఠీ నిరాలా 1918లో ఇరవై ఏళ్ళకు అటూఇటూగా ఉన్న యువకుడు. బెంగాల్‌లోని మహిషాదల్ సంస్థానంలో ఉండేవాడు. భార్య మనోహరాదేవి పుట్టింట్లో, రాయ్‌బరేలీ జిల్లా డల్‌మవూలో ఉంది. జబ్బుగా ఉందని తంతి వచ్చింది. అతను చేరేసరికి ఆమె లేదు. గంగ ఒడ్డున ఆ ఊరి దగ్గర నది శవాలతో నిండి ఉంది. కాల్చడానికి కట్టెలు చాలడం లేదు. సొంత ఇంటివైపు వెళ్తే అక్కడ పినతండ్రి, అన్న, వదిన ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఇద్దరు సొంత పిల్లలు, చనిపోయినవారి పిల్లలు, వీళ్ళందరి భారంతో ఆ యువకుడు మిగిలాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఈ సంగతులన్నీ అతను రాసింది ఇరవై ఏళ్ళ తర్వాత, 1939లో వచ్చిన ‘కుల్లీ భాట్’లో. అది దుఃఖగాథ కాదు, ఒక స్నేహితుడి మీద హాస్యం కలిపి రాసిన జీవితచిత్రం. నడుమ కొద్ది పుటల్లో ఆ శరత్తు వచ్చి వెళ్ళిపోతుంది. అప్పటికి మనోహరాదేవి వదిలి వెళ్ళిన కూతురు సరోజ కూడా యౌవనంలోనే చనిపోయింది; ఆమె మీద అతను రాసిన ‘సరోజ్ స్మృతి’ హిందీలో గొప్ప శోకగీతాలలో ఒకటి. నిరాలా చివరి దశాబ్దాలు తీవ్రమైన మానసిక అస్వస్థతలో గడిచాయి. దాన్ని తీసుకెళ్ళి 1918కి ముడిపెట్టిన వ్యాఖ్యాతలున్నారు. నలభై ఏళ్ళ పేదరికం, అవమానం, కూతురి మరణం నడుమ ఉండగా ఒక్క జ్వరానికి అంత పెద్ద బరువు మోపడం సబబు కాదు. చెప్పగలిగింది ఒకటే: అతనికి మాట దొరకడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

గాంధీ పెద్దకొడుకు హరిలాల్‌కు అప్పుడు ముప్ఫై ఏళ్ళు. భార్య గులాబ్, ఒక కొడుకు ఆ ఇన్‌ఫ్లూయెంజాలోనే పోయారు. తండ్రితో తగవు అంతకు ఏడేళ్ళ ముందే ముదిరింది, కాబట్టి అతని పతనానికి ఆ జ్వరమే మూలమనలేం. కానీ అతన్ని పట్టి నిలిపిన మనిషి గులాబ్ అని కుటుంబ చరిత్ర రాసినవాళ్ళందరూ ఒప్పుకుంటారు. (గాంధీకే ఆ ఇన్‌ఫ్లూయెంజా వచ్చిందని తరచు రాస్తుంటారు. 1918లో ఖేడాలో ఆయనను పడగొట్టింది రక్తవిరేచనాలు.)

ఇరవై ఏళ్ళ ఆ మౌనం నిరాలా ఒక్కడిదే కాదు. అమెరికన్ రచయిత్రి కేథరిన్ ఆన్ పోర్టర్ 1918లో డెన్వర్ నగరంలో ఒక దినపత్రికలో పనిచేసేది. వయసు 28. ఆమె ఇక బతకదని ఆ పత్రిక మరణవార్త అచ్చుకు సిద్ధం చేసి ఉంచింది. ఆమె బతికింది. నల్లని జుట్టు రాలిపోయి తెల్లగా మొలిచింది. ఆ అనుభవం మీద ఆమె రాసిన ‘పేల్ హార్స్, పేల్ రైడర్’ పుస్తకంగా వచ్చింది 1939లో, సరిగ్గా ‘కుల్లీ భాట్’ వచ్చిన ఏడే. అందులో మరణం దగ్గరదాకా వెళ్ళి తిరిగొచ్చిన యువతికి బతుకు రంగు వెలిసినట్టు కనబడుతుంది. అందరూ అభినందిస్తుంటే ఆమె ఆనందం నటిస్తుంది. తన జీవితాన్ని ఆ జబ్బు రెండుగా కోసిందని పోర్టర్ తర్వాత ఒక సంభాషణలో చెప్పింది. ఆల్‌ఫ్రెడ్ క్రాస్బీ ఆ మహమ్మారి చరిత్రను 1976లో రాసి, 1989లో మళ్ళీ అచ్చు వేసినప్పుడు దానికి ‘అమెరికా మరచిన మహమ్మారి’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మరచిపోయింది దేశం. ఒక్కొక్క మనిషి మరచిపోలేదు, మాట్లాడలేదు, అంతే. యుద్ధంలో చనిపోయినవాడికి ఊరి కూడలిలో రాయి నిలబెట్టారు. జ్వరంతో మంచంలో చనిపోయినవాడి కోసం నిలబెట్టడానికి ఏ విజయమూ లేదు.

వందేళ్ళ తర్వాత వచ్చిన మహమ్మారిలో ఈ చిత్రం అద్దంలోలా తిరగబడింది. కొవిడ్ వృద్ధులను చంపింది. యువకులు చాలావరకు బతికిపోయారు. కానీ ఈసారి వాళ్ళ మనసుల సంగతి వెంటనే అడిగారు. 2020 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తరఫున జరిగిన సర్వేలో 18 నుంచి 24 ఏళ్ళవారిలో నాలుగోవంతు మంది, అంతకుముందు ముప్ఫై రోజుల్లో ఆత్మహత్య గురించి గట్టిగా ఆలోచించామన్నారు. 2021లో ‘లాన్సెట్’ ప్రచురించిన ప్రపంచస్థాయి అంచనా ప్రకారం 2020లో అదనంగా 5 కోట్ల 32 లక్షల మందికి కుంగుబాటు, 7 కోట్ల 62 లక్షల మందికి ఆందోళన రుగ్మత వచ్చాయి. యువతా స్త్రీలూ ఎక్కువగా దెబ్బతిన్నారు. ఆత్మహత్యల లెక్క మాత్రం ఇంత సూటిగా లేదు. తొలి నెలల్లో 21 దేశాల అంకెలు పరిశీలిస్తే ఎక్కడా పెద్దగా పెరగలేదు. జపాన్‌లో 2020 రెండో సగంలో పెరిగాయి, ముఖ్యంగా స్త్రీలలో, పిల్లలలో. భారతదేశంలో జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో విద్యార్థుల ఆత్మహత్యలు 2019లో 10,335; 2020లో 12,526; 2021లో 13,089. అంతకుముందు కూడా ఈ అంకె పెరుగుతూనే వచ్చింది గనుక మొత్తం పెరుగుదలను మహమ్మారికి రాసెయ్యలేం. అయినా ఒక్క ఏడాదిలో రెండు వేలు పెరగడం మామూలు పెరుగుదల కాదు.

మెనింజర్ ప్రశ్న కూడా తిరిగొచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2,36,379 మంది కొవిడ్ రోగుల వైద్య రికార్డులు పరిశీలించి, ఆరు నెలల్లో మూడోవంతు మందికి ఏదో ఒక నాడీ లేదా మానసిక రుగ్మత నమోదైందని చూపించారు. వందమంది కేసు కాగితాలు చేత్తో తిరగేసిన కుర్రవాడి పనికి ఇది వారసత్వమే.

ఇంత వివరంగా లెక్కపెట్టిన కాలంలోనూ కొన్ని గుంపులు పట్టికల మధ్య జారిపోయాయి. ప్యూ పరిశోధన కేంద్రం ప్రకారం 2020 జులైలో 18 నుంచి 29 ఏళ్ళ అమెరికన్లలో 52 శాతం మంది తల్లిదండ్రుల దగ్గరే ఉన్నారు. 1930ల ఆర్థికమాంద్యం తర్వాత సగం దాటడం అదే మొదలు. దీన్ని ఆ సమాజం ఒక దుఃస్థితిగా చెప్పుకుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో నలుగురు కలిసి అద్దెకున్న తెలుగు విద్యార్థికి ఆ దుఃస్థితి కూడా అందని వరం. భారతదేశానికి మామూలు అంతర్జాతీయ విమానాలు 2020 మార్చి నుంచి 2022 మార్చి 27 దాకా లేవు. 2020 మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో సీటు దొరకాలి. దొరికి వెళ్తే తిరిగి రాగలమో లేదో తెలియదు. విద్యార్థి వీసా మీద ఉన్నవారికి క్యాంపస్‌లో చేసుకునే చిన్న ఉద్యోగమే చట్టబద్ధమైన చేతిఖర్చు, క్యాంపస్‌లు మూతపడ్డాయి. జూన్ 22న హెచ్-1బి వీసాల మీద కొత్తగా వచ్చేవారిని నిలిపివేశారు. జులై 6న, చదువంతా ఆన్‌లైన్‌లో సాగితే విదేశీ విద్యార్థులు దేశం విడవాలన్నారు. హార్వర్డ్, ఎంఐటి కోర్టుకెక్కాక 14న వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులు ఎంతమందికి నిద్రలేదో ఏ పట్టికలోనూ లేదు. అమెరికాలో భారతీయ విద్యార్థుల సంఖ్య ఆ ఏడు 1,93,124 నుంచి 1,67,582కు తగ్గిందన్నది మాత్రం ఉంది. రానివారి లెక్క తేలింది, ఉండిపోయినవారిది తేలలేదు.

తర్వాత 2021 ఏప్రిల్, మే. హైదరాబాదులో, విజయవాడలో, ఊళ్ళలో పడకల కోసం, ఆక్సిజన్ కోసం ఇక్కడి నుంచి రాత్రుళ్ళు ఫోన్లు చేసినవారిలో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్లలున్నారు. మే 4 నుంచి భారతదేశం నుంచి వచ్చేవారి మీద అమెరికా ఆంక్షలు పెట్టింది, వీసా ఇంటర్వ్యూలు నిలిచిపోయాయి. తండ్రి పోతే వెళ్ళడమా, ఉద్యోగమూ చదువూ నిలుపుకోవడమా అన్న ప్రశ్నకు గంటల్లో జవాబు చెప్పుకోవలసి వచ్చింది. నిరాలా డల్‌మవూకు ఆలస్యంగానైనా చేరాడు. వీళ్ళు తలకొరివిని ఫోను తెరమీద చూశారు. కర్మ ఎవరో దాయాది చేశాడు. కొందరు మర్నాడు ఉదయం తొమ్మిదింటికి జూమ్‌లో కెమెరా ఆపుకుని మీటింగులో కూర్చున్నారు. సెలవు అడిగితే కారణం చెప్పాలి, చెప్తే గొంతు నిలవదు.

వీళ్ళను గుమ్మం దాటి లోపలికి తెచ్చే వ్యవస్థ ఉంది గానీ, దానికీ వీళ్ళకూ నడుమ చాలా అడ్డంకులున్నాయి. విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఇంగ్లీషులో ఏడవాలి. వీసా ఫారంలో మానసిక ఆరోగ్యం గురించి ఎక్కడైనా అడుగుతారేమోనన్న భయం ఉంది. ఇంట్లో చెబితే, అక్కడ ఉన్నవాళ్ళకు ఇంకొక దిగులు. దిగులు, బెంగ, గుబులు, మనాది అని తెలుగులో ఇన్ని మాటలుండగా, వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు నోటికి వచ్చేది ‘స్ట్రెస్’ ఒక్కటే.

మెనింజర్ దగ్గర పేర్లున్నాయి, చిరునామాలున్నాయి. అందుకే అయిదేళ్ళ తర్వాత వెళ్ళి ఎలా ఉన్నారని అడగగలిగాడు, మూడింట రెండు వంతుల మంది కోలుకున్నారని లోకానికి చెప్పగలిగాడు. 2020 నాటి సర్వేలలో చాలావాటికి పేర్లు లేవు. అప్పుడు ఇరవై రెండేళ్ళున్నవారికి ఇప్పుడు ముప్ఫై దగ్గరపడుతోంది. చాలామంది వీసా మారింది, ఊరు మారింది, పెళ్ళిళ్ళయ్యాయి. ఆ మే నెల రాత్రుళ్ళ వాట్సాప్ సందేశాలు, తండ్రి ఆసుపత్రి మంచం మీంచి పంపిన చివరి గొంతు, కొందరు పాత ఫోనులో ఉంచుకున్నారు. ఫోను మార్చినప్పుడు కొందరివి పోయాయి.